జాబ్ ఏ నోడ్లలో పడింది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం క్లస్టర్ల గురించే వచ్చాయి. కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి మొదలుపెడతాను. పదులో వందలో కంప్యూటర్లను వేగమైన కేబుళ్లతో కలిపి ఒకే లెక్క చేయిస్తే అది క్లస్టర్. అందులో ఒక్కో కంప్యూటర్ ఒక నోడ్. నడపమని ఇచ్చిన ఒక్కో లెక్క ఒక జాబ్. ఎవరి జాబ్‌ని ఏ నోడ్లకు, ఎప్పుడు ఇవ్వాలో తేల్చే సాఫ్ట్‌వేర్ షెడ్యూలర్. మన దగ్గర ఎక్కువగా వాడేది స్లర్మ్. నా ఉద్యోగ జీవితం అంతా ఈ యంత్రాలను చూసుకోవడంతోనే గడిచింది. ఇప్పుడు విజయనగరంలో ఇంటి దగ్గరే ఉంటున్నా, క్లస్టర్ అన్న మాట కనిపించిన ఉత్తరాన్నే ముందు తెరుస్తాను.

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. తుపాన్ల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. 2018 తిత్లీ తుపానును డబ్ల్యూఆర్‌ఎఫ్ అనే వాతావరణ మోడల్లో మళ్లీ నడిపిస్తున్నాను. ప్రతిసారీ 8 నోడ్లే అడుగుతున్నాను, అదే ఇన్‌పుట్, అదే ప్రోగ్రామ్. ఒకసారి నాలుగు గంటల్లో అయిపోతుంది. ఇంకోసారి ఆరు దాటిపోయి, టైమ్ లిమిట్ తగిలి జాబ్ చచ్చిపోతుంది. నేనే ఏదో మార్చి ఉంటానని మా గైడుగారి అనుమానం. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?
– పరిశోధక విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, ముందు కాస్త నెమ్మదించండి. మనం ఏమీ ముట్టుకోకపోయినా టైము ఇంత తేడాగా రావడం క్లస్టర్లలో మామూలే. ఎందుకు వచ్చిందో చెప్పే సాక్ష్యం కూడా మీ రన్ ఫోల్డర్లోనే ఉంది.

మీ మోడల్ బంగాళాఖాతాన్ని గళ్లుగా కోసి ఒక్కో ముక్కను ఒక్కో ప్రాసెస్ చేతిలో పెడుతుంది. గాలి, తేమ ఆ గళ్ల దగ్గర ఆగవు కదా. అందుకని టైమ్ స్టెప్ స్టెప్పుకీ ప్రతి ముక్కా తన అంచుల్లోని అంకెలను చుట్టుపక్కల ముక్కలకు పంపి, వాటివి తెచ్చుకోవాలి. అవి చేతికి రానిదే లెక్క కదలదు. ఒక ముక్క ఆగితే దాని పక్కది, దాని వల్ల ఆ పక్కది ఆగుతాయి. కాసేపటికి 8 నోడ్లూ ఒక్క ఆలస్యం కోసం కాచుకు కూర్చుంటాయి.

ఆ అంకెలు పోయే దారి చూద్దాం. నోడ్ల కేబుళ్లు వచ్చి కలిసే పెట్టెను స్విచ్ అంటారు, కేబుల్ గుచ్చే చోటు పోర్టు. కొన్ని నోడ్లు ఒక లీఫ్ స్విచ్‌కి, లీఫ్ స్విచ్‌లన్నీ పైనున్న స్పైన్ స్విచ్‌లకి కలిపి ఉంటాయి. దీన్ని ఫ్యాట్ ట్రీ అంటారు. చార్లెస్ లైసర్‌సన్ 1985లో ప్రతిపాదించిన అమరిక ఇది. పైకి వెళ్లేకొద్దీ దారి వెడల్పు కావాలన్నది అందులోని ముఖ్యమైన ఆలోచన. కొనేటప్పుడు డబ్బు చాలక చాలాచోట్ల కోత పడేది సరిగ్గా అక్కడే. 36 పోర్టుల లీఫ్ స్విచ్‌లో 18 కిందికి, 18 పైకి ఇస్తే నిండుగా ఉంటుంది. 24 నోడ్లకు ఇచ్చేసి 12 మాత్రమే పైకి వదిలితే దారి సగమైనట్టే. మీ 8 నోడ్లూ ఒకే లీఫ్ కింద పడ్డ రోజు అసలు పైకి వెళ్లే పనే లేదు. మూడు లీఫ్‌ల కింద చెదిరి పడ్డ రోజు మీ అంకెలు పైకెక్కి దిగాలి, అదీ పక్కవాళ్ల జాబ్‌ల ట్రాఫిక్‌తో కలిసి.

దూరం పెరిగింది కాబట్టి ఆలస్యమైందని చాలామంది అనుకుంటారు. ఇన్ఫినీబ్యాండ్ అనే వేగమైన క్లస్టర్ నెట్‌వర్క్‌లో స్విచ్ ఒకటి దాటడానికి పట్టేది వంద నానోసెకన్ల పైచిలుకే. రెండు స్విచ్‌లు ఎక్కువ దాటినంత మాత్రాన నాలుగు గంటల పని ఆరు గంటలు కాదు. అసలు దెబ్బ రద్దీది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు మూడు లాంతర్ల దగ్గర నుంచి కోట దాకా నడిచినవాళ్లకు ఇది బాగా తెలుసు. దూరం ఏ రోజైనా అంతే, పట్టే టైము మాత్రం ఆ రోజుది ఆ రోజుదే.

ఇక సాక్ష్యం. రన్ ఫోల్డర్లో ఆర్‌ఎస్‌ఎల్ డాట్ అవుట్ అని మొదలై నాలుగు సున్నాలతో ముగిసే ఫైలు తెరవండి. ‘టైమింగ్ ఫర్ మెయిన్’ అనే వరసలు కుప్పలుగా కనిపిస్తాయి. ఏ స్టెప్పుకి ఎన్ని సెకన్లు పట్టిందో వాటి చివర ఉంటుంది. మంచి రోజు ఫైలు, చెడ్డ రోజు ఫైలు పక్కపక్కన పెట్టుకోండి. లెక్కగా అన్ని స్టెప్పులకోసారి అంకె పెద్దదవుతుంది. అది రేడియేషన్ లెక్క కట్టే స్టెప్పు, రెండు ఫైళ్లలోనూ ఉంటుంది, దాన్ని పట్టించుకోకండి. ‘టైమింగ్ ఫర్ రైటింగ్’ అనే వరసలను విడిగా తీయండి. ఇవి మాత్రమే పెరిగి ఉంటే తప్పు స్టోరేజీది, నెట్‌వర్క్‌ది కాదు. మొదటి స్టెప్పు నుంచి చివరిదాకా ఒకే తీరుగా మందగిస్తే ఏదో ఒక నోడ్ వేడెక్కి వేగం తగ్గించుకుని ఉండొచ్చు, క్లస్టర్ చూసుకునే అడ్మిన్‌ని చూడమనండి. కాసేపు చక్కగా నడిచి, ఇంకాసేపు ఈడ్చుకుంటూ నడిచి, మళ్లీ తేరుకుంటే మాత్రం పొరుగు జాబ్‌లను గట్టిగా అనుమానించాలి.

తర్వాత స్లర్మ్ అకౌంటింగులోంచి, అంటే పాత జాబ్‌ల చిట్టాలోంచి, ఆ రెండు జాబ్‌ల నోడ్ లిస్టులు తీయండి. ఎస్‌కంట్రోల్ షో టోపాలజీ అని కొడితే ఏ నోడ్ ఏ లీఫ్ కిందిదో తెలుస్తుంది, మీ అడ్మిన్ ఆ వివరాలు స్లర్మ్‌కి ఇచ్చి ఉంటే. ఇవ్వకపోయి ఉంటే ర్యాక్ దగ్గరికి వెళ్లి కేబుళ్లు చూసి రాసుకోవడమే. తేదీ, నోడ్లు, ఎన్ని లీఫ్‌ల కింద పడ్డాయి, మామూలు స్టెప్పు సగటు టైము ఎంత అన్నవి ఒక పట్టికలో వేసి మీ గైడుగారి ముందు పెట్టండి. రెండు రన్‌లతో సరిపెట్టకండి, వీలైనన్ని చేర్చండి. అడ్మిన్ సాయం చేస్తే పర్ఫ్‌క్వెరీ అనే కమాండుతో స్విచ్ పోర్టుల్లో ఎక్స్‌మిట్ వెయిట్ అనే కౌంటర్ కూడా చూడొచ్చు. పంపాల్సిన డేటా ఉండి కూడా పంపలేక పోర్టు ఆగిన కాలాన్ని అది లెక్కపెడుతుంది. పైకి వెళ్లే పోర్టుల్లో మీ జాబ్ మందగించిన వేళకే ఆ అంకె ఎగబాకుతుంటే ఇక వాదనే అక్కర్లేదు.

మందు కూడా ఉంది. జాబ్ స్క్రిప్టులో స్విచెస్ అనే ఆప్షన్‌కి 1 అని ఇచ్చి, ఎట్ గుర్తు పెట్టి, ఎంతసేపు ఆగగలరో రాయండి. ఒకే లీఫ్ కింద చోటు దొరికేదాకా స్లర్మ్ అంతసేపు చూస్తుంది, దొరక్కపోతే దొరికిన చోట వేస్తుంది. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. అడ్మిన్ మార్చకపోతే ఆ ఆగడానికి గరిష్ఠ పరిమితి 300 సెకన్లే. మీరు రెండు గంటలని రాసినా అయిదు నిమిషాలకే వదిలేస్తుంది. ఆ పరిమితి పెంచమని మీ అడ్మిన్‌ని అడగడానికి పైన చెప్పిన పట్టికే మీకు బలం.

ప్రశ్న: మా కాలేజీలో 16 నోడ్ల క్లస్టర్ ఉంది, ఒకటే స్విచ్. ఈ ఏడాది ఇంకో 16 నోడ్లు వస్తున్నాయి. రెండో స్విచ్ తీసుకుని, రెండింటినీ ఒక కేబుల్‌తో కలిపితే చాలని అమ్మేవాళ్లు అంటున్నారు. టోపాలజీ సెట్టింగులు ఏమైనా పెట్టాలా?
– అధ్యాపకుడు, రాజాం

జవాబు: మాస్టారూ, ఒకే స్విచ్ ఉన్నంతకాలం ఏ సెట్టింగూ అక్కర్లేదు, ఎంచుకోవడానికి అక్కడ రెండో దారి లేదు. కాబట్టి ముందు మీ పాత స్విచ్ వెనక్కి వెళ్లి పోర్టులు లెక్కపెట్టండి. 36 ఉంటే మీ 32 నోడ్లూ అందులోనే పడతాయి, రెండో స్విచ్ డబ్బుతో మెమరీ కొనుక్కోండి.

తప్పనిసరిగా రెండో స్విచ్ కావాల్సి వస్తే మాత్రం ఒక కేబుల్‌తో ఒప్పుకోకండి. ఒక్కో నోడ్‌కి 100 గిగాబిట్ లింకు ఉందనుకుందాం. ఈ పక్క 16 నోడ్లు ఆ పక్క 16తో ఒకేసారి మాట్లాడితే మధ్యలో ఉన్న ఆ ఒక్క 100 గిగాబిట్ కేబులూ పంచుకోవాలి. ఒక్కొక్కదానికి వచ్చేది 6 గిగాబిట్ల చిల్లర. అంత ఖరీదు పెట్టి కొన్న కార్డులు ఎందుకు? కనీసం 8 కేబుళ్లు వేయించండి, పోర్టులు ఖాళీగా ఉంటే 16 వేయించండి. ఈ మాట పర్చేజ్ ఆర్డర్లోనే రాయించాలి. బిల్లు అయ్యాక కేబుళ్లు ఎవరూ ఇవ్వరు.

అప్పుడు స్లర్మ్ టోపాలజీ ఫైల్లో రెండు స్విచ్‌ల కింద ఏయే నోడ్లున్నాయో రాయండి. రెండింటికీ పైన ఒక ఉమ్మడి స్విచ్ పేరు కూడా రాయాలి, నిజంగా అలాంటి స్విచ్ లేకపోయినా సరే. అది లేకపోతే రెండు పక్కలా నోడ్లు కావాల్సిన జాబ్‌ని స్లర్మ్ మామూలుగా ఎప్పటికీ మొదలుపెట్టదు. పిల్లలు జాబ్ క్యూలోనే ఉండిపోయిందని మీ చుట్టూ తిరుగుతారు.

ప్రశ్న: నోడ్లన్నీ దగ్గరగా ఉంటేనే మంచిదైతే, దగ్గరగా దొరికేదాకా ప్రతి జాబ్‌నీ ఆపేయొచ్చు కదా? షెడ్యూలర్లు ఎందుకు చెదరగొడతాయి?
– ఎంటెక్ విద్యార్థి, బొబ్బిలి

జవాబు: బాబూ, నువ్వు చెప్పినట్టే కట్టిన యంత్రాలు ఉన్నాయి. ఐబీఎం వాళ్ల బ్లూ జీన్ అనే సూపర్ కంప్యూటర్లో 512 నోడ్ల మిడ్‌ప్లేన్ ఒక యూనిట్. పెద్ద జాబ్‌కి అలాంటివి కలిపి విడిగా ఒక భాగం కట్టి ఇచ్చేవారు. ఒకరి ట్రాఫిక్ ఇంకొకరి లింకుల్లోకి వచ్చేది కాదు. క్రే ఎక్స్‌ఈ యంత్రాల్లో అలా కాదు, ఖాళీగా ఉన్న నోడ్లు ఎక్కడుంటే అక్కడ ఇచ్చేవారు, లింకులు అందరివీ. 2013లో అభినవ్ భటేలే, ఆయన సహచరులు ఈ రెండింటినీ పోల్చి చూశారు. భటేలే ఐఐటీ కాన్పూర్‌లో చదివినవారు. నెట్‌వర్క్ బాగా వాడే ఒకే ప్రోగ్రామ్ క్రే మీద సగటు కన్నా 28 శాతం వేగంగా మొదలుకొని 41 శాతం నెమ్మదిగా దాకా రకరకాలుగా నడిచింది. బ్లూ జీన్ మీద చెప్పుకోదగ్గ తేడానే లేదు. ఆ తేడాకి ఆపరేటింగ్ సిస్టమ్ మధ్యమధ్యలో చేసే అల్లరి, జాబ్‌కి దక్కిన నోడ్లు పరుచుకున్న ఆకారం, పొరుగు జాబ్‌లు అని అన్నిటినీ విడివిడిగా పరీక్షించి, వేలు పొరుగు జాబ్‌ల వైపు చూపించారు. శ్రీకాకుళం అమ్మాయి కష్టం ఇదే.

మరి అందరూ బ్లూ జీన్ పద్ధతిలోకి ఎందుకు వెళ్లలేదంటే, నోడ్లు ఖాళీగా ఉండి కూడా ఆకారం కుదరక జాబ్‌లు ఆగిపోయేవి. కోట్ల రూపాయల యంత్రం కరెంటు తింటూ ఊరికే కూర్చుంటే ఎవరూ భరించలేరు. ఇక్కడ లెక్క వేసుకోవాలి. నీ 8 నోడ్ల జాబ్ దగ్గరగా 4 గంటలు, చెదిరితే 6 గంటలు అనుకో. రెండు గంటల లోపు ఆగితే నీకూ లాభమే. నువ్వు ఆగకుండా చెదిరిన నోడ్లలో నడిపితే అదనంగా కాలేది 8 నోడ్లు, ఒక్కోటి 2 గంటలు, మొత్తం 16 నోడ్-గంటలు, అది క్యూలో ఉన్న అందరిదీ. ఆగితే పోయేది నీ టైము, చెదిరితే పోయేది ఊరందరి టైము. అందుకే కొంచెం ఆగడం వైపే నేను మొగ్గుతాను.

కానీ అన్ని జాబ్‌లకీ కాదు. ఒకదానితో ఒకటి మాట్లాడుకోని వెయ్యి చిన్న లెక్కలు నడిపేవాళ్లకు ఏ నోడైనా ఒకటే. వాళ్లను మూలమూలల మిగిలిన నోడ్లలోకి పంపి, నిండు లీఫ్‌లను డబ్ల్యూఆర్‌ఎఫ్ లాంటి వాటికి మిగల్చాలి. వందల నోడ్ల జాబ్ ఎలాగూ ఒక లీఫ్‌లో పట్టదు, దానికి స్విచ్‌ల షరతు పెట్టడం వృథా.

ఇంకోటి, ఇది నాకు చాలా ముఖ్యం. 1995 నాటికి అమెరికాలోని ఆర్గాన్ ల్యాబులో బ్యాక్‌ఫిల్ పద్ధతి వచ్చింది. వరసలో ముందున్న పెద్ద జాబ్‌కి ఆలస్యం కాకుండా, మధ్యలో ఖాళీగా ఉన్న నోడ్లలో చిన్న జాబ్‌లను దూర్చడం. ఇప్పటికీ అందరం దాన్నే వాడుతున్నాం. అది పనిచేయాలంటే ఏ నోడ్ ఎప్పుడు ఖాళీ అవుతుందో షెడ్యూలర్‌కి తెలియాలి. మూడు గంటల జాబ్‌కి భయంతో 48 గంటలు అడిగితే ఆ అంచనా మొత్తం పాడవుతుంది, ఒక లీఫ్ ఎప్పుడు ఖాళీ అవుతుందో చెప్పే దారే ఉండదు. మంచి చోటు కావాలనుకునేవాళ్లు ముందు టైమ్ లిమిట్ నిజాయితీగా రాయాలి. పాత రన్ టైముకి పాతిక శాతం కలుపు, చాలు.

ఇంకా లోతుకి వెళ్తే, దగ్గరగా ఉండటమే ఎప్పుడూ మంచిదని కూడా అనలేం. 2008లో జాన్ కిమ్, విలియం డాలీ, స్టీవ్ స్కాట్, డెనిస్ ఆబ్ట్స్ డ్రాగన్‌ఫ్లై అనే అమరిక ప్రతిపాదించారు. నోడ్లను పెద్ద గ్రూపులుగా చేసి, లోపల బోలెడు లింకులు, గ్రూపుకీ గ్రూపుకీ మధ్య కొద్ది లింకులు. క్రే ఎక్స్‌సీ40లో ఒక గ్రూపు అంటే 384 నోడ్లు. జాబ్ ఒకే గ్రూపులో పడితే సరే. సరిగ్గా రెండు గ్రూపుల్లో సగం సగం పడితే మాత్రం ట్రాఫిక్ అంతా ఆ రెంటి మధ్య ఉన్న కొద్ది లింకుల మీద పడుతుంది. అలాంటప్పుడు పది గ్రూపుల్లో పలచగా పరిస్తేనే మేలు కావొచ్చు. మూడో గ్రూపు మీదుగా చుట్టు తిప్పి పంపే రూటింగ్ కొంత ఆదుకుంటుంది, అయితే చుట్టుదారిలో మరొకరి లింకు వాడుకున్నట్టే. నీ యంత్రం ఏ అమరికో తెలుసుకోకుండా ఎవరో ఇచ్చిన సెట్టింగు తెచ్చి పెట్టుకోకు.

ప్రశ్న: వేటకు పోయేవాళ్లం మేము. పడవ కట్టాలా వద్దా అన్నది తుపాను కబురును బట్టే. మీరు రాసే ఈ కంప్యూటర్ల లెక్కకీ మాకూ సంబంధం ఉందా? ఒకరి జాబ్ వల్ల తుపాను కబురు ఆలస్యమవుతుందా?
– ఒక పాఠకుడు, కళింగపట్నం

జవాబు: అయ్యా, సంబంధం ఉంది. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఆ ఏడాది జనవరిలోనే పుణెలో ప్రత్యూష్, నోయిడాలో మిహిర్ అనే సూపర్ కంప్యూటర్లు వాతావరణం కోసం మొదలయ్యాయి. రెండూ పైన చెప్పిన క్రే ఎక్స్‌సీ40 యంత్రాలే. జూన్ నుంచి ఒకే అంచనాను కొద్ది కొద్ది తేడాలతో 21 సార్లు నడిపే పద్ధతి కూడా మన దేశంలో వచ్చింది. తుపాను ఒకే దారిన వస్తుందా, ఇటూ అటూ ఊగుతుందా అని తేలేది ఆ 21 దారులూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే. అందులో ఒక్కటి వెనకబడినా చిత్రం పూర్తి కాదు.

అందుకే ఇలాంటి పనికి పరిశోధన జాబ్‌లతో పోటీ పెట్టరు. వేళకి పూర్తి కావాల్సిన అంచనాకు నోడ్లు ముందే కేటాయించి ఉంచడం, దానికి అన్నిటికన్నా పై ప్రాధాన్యం ఇవ్వడం వాతావరణ కేంద్రాల మామూలు పద్ధతి. 2024 సెప్టెంబరులో పుణెలో అర్క, నోయిడాలో అరుణిక వచ్చాయి. లెక్కల వేగాన్ని కొలిచే పెటాఫ్లాప్స్‌లో చెప్పాలంటే, పాత రెండూ కలిపి 6.8 అయితే, అర్క ఒక్కటే 11.77, అరుణిక 8.24. కాబట్టి కంప్యూటర్ల రద్దీ వల్ల కబురు ఆలస్యమవుతుందని మీరు బెంగ పెట్టుకోవద్దు. పోర్టులో హెచ్చరిక ఎగరేశారంటే దాని వెనక లెక్క అయిపోయినట్టే. పడవ కట్టేయండి.

ప్రశ్న: ఏఐ కోసం జీపీయూలు వాడేవాళ్లకు కూడా ఇదంతా వర్తిస్తుందా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, విజయనగరం

జవాబు: ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. జీపీయూలంటే ఒకేసారి బోలెడు లెక్కలు చేసే చిప్‌లు. శిక్షణలో అడుగడుగునా అన్ని జీపీయూలూ తమ లెక్కలు కలుపుకుని సగటు తీసుకోవాలి, అందరిలో వెనకబడ్డదాని కోసం మిగతావన్నీ ఆగుతాయి. ఎన్విడియా ఒకే ర్యాక్‌లో 72 జీపీయూలను ఎన్‌వీలింక్ అనే వేగమైన లింకులతో కలిపి అమ్ముతోంది. ఆ ర్యాక్ లోపలి వేగానికీ బయటి వేగానికీ చాలా తేడా. జాబ్ ర్యాక్ మధ్యలో తెగిపోకుండా ముక్కలు ముక్కలుగా కేటాయించడానికి స్లర్మ్‌లో ఇప్పుడు బ్లాక్ టోపాలజీ అని విడిగా ఒక ప్లగిన్ పెట్టారు.

ప్రశ్న: మా కాలేజీలో క్లస్టర్ లేదు. ఇంట్లో ఒక ల్యాప్‌టాప్ ఉంది. ఇవన్నీ నేర్చుకోగలనా?
– ఎంసీఏ విద్యార్థిని, చీపురుపల్లి

జవాబు: తప్పకుండా నేర్చుకోగలవమ్మా. స్లర్మ్ ఉచితం. ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకుని, మల్టిపుల్ స్లర్మ్‌డీ అనే ఆప్షన్ పెట్టి స్లర్మ్‌ని కంపైల్ చేసుకో. అప్పుడు ఒకే యంత్రంలో ఒక్కోదానికి ఒక్కో పోర్టు నంబరిచ్చి 24 ఉత్తుత్తి నోడ్లు నడపొచ్చు. వాటిని మూడు లీఫ్‌లుగా టోపాలజీ ఫైల్లో రాసి, ట్రీ ప్లగిన్ ఆన్ చెయ్యి. జాబ్‌లన్నీ ఊరికే నిద్రపోయే స్లీప్ జాబ్‌లైతే చాలు, ల్యాప్‌టాప్ వేడెక్కదు.

ముందు 2, 3, 5 నోడ్ల జాబ్‌లు రకరకాల టైములతో వేసి క్లస్టర్‌ని నింపు. కొన్ని అయిపోయాక ఖాళీలు ఎక్కడెక్కడ మిగిలాయో కాగితం మీద గీసుకో. అప్పుడు 6 నోడ్ల జాబ్ ఒకటి వేసి, అది ఎక్కడ పడుతుందో ముందే ఊహించి, తర్వాత సరిచూసుకో. అదే జాబ్‌ని స్విచెస్ 1 అని పెట్టి మళ్లీ వేసి, 300 సెకన్లు ఆగి ఏం చేస్తుందో చూడు. ఆ పరిమితి మార్చి ఇంకోసారి చూడు.

ఇందులో కనిపించేది జాబ్ ఎక్కడ పడిందన్నది మాత్రమే, అన్నీ ఒకే యంత్రంలో ఉన్నాయి కాబట్టి రద్దీ కనిపించదు. రద్దీ కూడా చూడాలంటే సిమ్‌గ్రిడ్ అనే ఉచిత సిమ్యులేటర్ వేసుకో. ముక్కలు ఒకదానికొకటి అంకెలు పంపుకునే ఎంపీఐ ప్రోగ్రాములను నువ్వు రాసిన నెట్‌వర్క్ మీద నడిపినట్టు లెక్కకట్టి టైము చెబుతుంది. ముందు 8 ప్రాసెస్‌లను ఒకే లీఫ్‌లో పెట్టి నడుపు, తర్వాత మూడు లీఫ్‌లకి చెదరగొట్టి, పక్కన ఇంకో జాబ్‌ని కూడా కలిపి నడుపు. ఫలితాలు రాసి పంపితే వచ్చే నెల ఇక్కడ వేస్తాను.